పెనుకొండ సీమ పళ్లెరము

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి వీరభద్రాలయమును చూడబోయినవారు వ్రేలాడు స్తంభమును, ఏడు పడగల నాగేంద్రుని, మండపపు కప్పుమీది చిత్రములను చూచి తృప్తిపడి తిరిగివత్తురు. ఆవరణలోని బండపై తొలిచిన పళ్లెరముల ముందు నిలుచువారు తక్కువ. గుండ్రని పెద్ద పళ్లెరము, అందులో వేరువేరు గుంటలు. 16వ శతాబ్దమున ఆలయమును నిర్మించిన శిల్పులు భోజనము చేయుటకై వీనిని తొలుచుకొనిరని స్థానికులు చెప్పుదురు. రంగులు కలుపుకొనుటకై తొలిచినవని మరియొక మాట కలదు. ఏది నిజమైనను, ఆ గుంటలను చూడగనే జనులకు అన్నపు పళ్లెరమే స్ఫురించుచున్నది. ముద్దకొక చోటు, కూరకొక చోటు, పప్పునకు, పచ్చడికి, మజ్జిగకు మరికొన్ని చోట్లు. పళ్లెరమనిన నిట్లుండవలెనను భావము ఈ సీమవారి మనస్సులో ఎన్నడో నాటుకొన్నదన్నమాట.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములు ఏ గుంటలో ఏది యెంత పడవలెనో తూచి చెప్పినవి. దినమునకు 2000 కాలరీల భోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిసి 400, పప్పులు, లేక వానికి బదులు గ్రుడ్లు మాంసము 85, పండ్లు 100, పలుకులు, నూనెగింజలు 35, పాలు పెరుగులు 300 మిల్లీలీటర్లు, నూనె మితముగా. మొత్తము శక్తిలో ధాన్యముల వంతు నూటికి 45 మించరాదని కూడ ఆ సంస్థ చెప్పినది. ఈ సంస్థ పుట్టుక 1918లో. రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు కూనూరులో బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై చిన్న శాల నొకదానిని నెలకొల్పెను. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు దాల్చినది. తవుడంతయు పోవునట్లు మరపట్టిన తెల్లబియ్యమునే నమ్ముకొన్నవారికి బి1 విటమిను లోపించి వచ్చు జబ్బు బెరిబెరి. అనగా మన దేశమున పోషకాహార పరిశోధన తెల్లబియ్యపు లోపముతోనే మొదలైనది. రాయలసీమ పళ్లెరమును గురించి మాటాడునపుడు ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

1565లో తళ్లికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులు పెనుకొండను రాజధానిగా చేసికొనిరి. అంతకు పూర్వము సయితము అది వారికి ముఖ్యమైన దుర్గము. ఆ వంశముల రాజులలో మేటియైన కృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో రెండు భోజనములను వర్ణించినాడు. మొదటిది అందరు నెరిగినది: విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి పెట్టిన విందు. వానకాలమున వరుగులు, వడియములు, పప్పు, పెరుగు. వేసవిలో గోరువెచ్చని అన్నము, చారు, మజ్జిగ, చెరకురసము, లేత కొబ్బరినీరు. చలికాలమున మిరియపుపొడి చల్లిన వేడి కూరలు, నెయ్యి, కాచిన పాలు. రెండవది అంతగా ప్రసిద్ధికెక్కని కాపుల భోజనము. జడివాన పట్టినపుడు రెడ్లు ఆరికల అన్నములోనికి గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతో పొరటిన కూరను తిని, కుంపటి సెగ తగులు మంచమెక్కి పరుండగా, దూడలు వారి మేను నాకుచున్నవట. రాజు వ్రాసిన కావ్యమున ఇంత పేదవంట ఇంత వివరముగా చోటుచేసికొనుట విశేషము. ఈ పద్యమును తరగతిలో చెప్పునపుడు స్వభావోక్తి యని చెప్పి ఊరకుందురు. దానిలోని వంటను కూడ గమనింపవలెను. ధాన్యము, ఐదు విధముల ఆకులు, నూనె. మంచము ప్రక్కన దూడ నిలిచినదనగా ఇంటిలో పాడి కూడ కలదు. లోటనదగినది పప్పొక్కటే.

మనవారు విందు భోజనమును షడ్రసోపేతమని మెచ్చుకొందురు. ఈ ఆరు రుచులే ఆధునికులు చెప్పు ఆహారవర్గములని వాదించువారు కలరు. ఆ వాదము నిలువదు. తీపి, పులుపు, కారము నాలుక కనుగొనునవి. మాంసకృత్తులకు, సున్నమునకు, ఇనుమునకు నాలుకపై రుచి లేదు. బెల్లము, చింతపండు, ఉప్పు, మిరపకాయ, కాకర, వక్క – ఇంతటితో ఆరు రుచులును తీరును గాని ఆకలి తీరదు. అయితే ఆరు రుచులు కావలెనన్న వానికి ఒక్క పదార్థముతో భోజనము ముగియదు. పులుపునకు ఆకో కాయయో, చేదునకు మరియొకటియో వెదకుకొనవలసివచ్చును. ఆ మేరకు పూర్వుల మాటలో ఉపయోగము కలదు.

ఈ సీమ పళ్లెరమున నడిమి చోటు రాగిది. కన్నడదేశపు హరిదాసు కనకదాసు 16వ శతాబ్దమున రామధాన్య చరితె యను కావ్యము వ్రాసెను. వరికిని రాగికిని ఎవరు గొప్ప యని వివాదము వచ్చినది. తీర్పు చెప్పవలసిన శ్రీరాముడు రెంటిని ఆరు నెలలు చెరలో పెట్టించెను. బయటకు తీయునప్పటికి వరి చెడిపోయినది, రాగి చెక్కుచెదరలేదు. రాఘవుడు మెచ్చి తన పేరు నిచ్చినందున రాగి యను పేరు వచ్చినదని కథ. హిందూపురము కన్నడదేశపు సరిహద్దు. ఇచటి సంతలలో రెండు భాషలును వినబడును. కనుక ఆ కథ ఇచటివారికి పరాయిది కాదు. కథలోని వ్యుత్పత్తిని భాషావేత్తలు అంగీకరింపరు. కాని సంవత్సరమున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రము పడు అనంతపురపు నేలలో, ఒక కారు పండి రెండు కార్లు ఎండునప్పుడు, పురుగు పట్టక పాతరలో ఏండ్లకొలది నిలుచు గింజకు దేవుని పేరు పెట్టుటలో ఆశ్చర్యమేమున్నది?

రసాయనశాల చెప్పు తీర్పు కూడ రాముని తీర్పునకు దూరము కాదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదు. తెల్లబియ్యమున పది మిల్లీగ్రాములును ఉండదు. ఇనుము కూడ బియ్యము కంటె రాగిలో అనేక రెట్లు ఎక్కువ. మాంసకృత్తులలో మాత్రము రాగి బియ్యమును మించినది కాదు. రెంటను ఏడు గ్రాముల ప్రాంతమే. ధాన్యములన్నిటివలె రాగికిని లైసిన్ అను ఆమ్లము కొరత. పప్పుదినుసులలో అది సమృద్ధి. పప్పులలో తక్కువైన మెథియోనిన్ రాగిలో తగినంత యున్నది. ఒకదాని లోటును మరియొకటి తీర్చును. ఈ లెక్క తెలియకయే ఈ ప్రాంతపు రైతు రాగిచేనిలో సాళ్లు విడిచి అనుములు, కందులు, అలసందలు చల్లెను. చేనిలో కలిసి పెరిగినవి పళ్లెరములో కలిసి వచ్చినవి.

కడప చిత్తూరు వైపు బియ్యపు నూకలను ఉడికించి రాగిపిండి వేసి తెడ్డుతో కెలికి సంగటి చేయుదురు. హిందూపురము, మడకశిర వైపు నూక లేక వట్టి పిండితో చేసిన ముద్దకే ప్రీతి యెక్కువ. ముద్దను నమలరు, పులుసులో ముంచి మ్రింగుదురు. అందుచేత దానికి తోడు లేకయే సాగదు. ఉలవచారు, పుల్లగూర, వేరుశనగ విత్తనములతో నూరిన ఊరుబిండి, ఇంటికి చుట్టము వచ్చిననాడు నాటుకోడి పులుసు. చలికాలమున అనపకాయ దిగినదనిన ఇక నెల దినములు ఇంటింట అదే వాసన. గింజలను నానబెట్టి రెండు వ్రేళ్ల నడుమ పితుకగా తొక్క వీడి పప్పు జారును; పితికినపప్పు అను పేరు దానివలననే. సాయంకాలము ఆడువారు అరుగుమీద చేరి గిన్నెనిండ పితుకుచు ఊరి కబుర్లన్నియు ముగింతురు. తీరిక లేని పట్టణమున ఈ వంట తగ్గినదన్న తగ్గదా! ఉలవలలోను అనుములలోను మాంసకృత్తులు నూటికి 20 పాళ్లకు పైగా కలవు. వేరుశనగలో నూటికి 25 పాళ్లకు సమీపము.

ఇంత చెప్పి పూర్వము అందరును ఇట్లే తినిరని చెప్పిన అబద్ధమగును. పళ్లెరపు గుంటలన్నియు నిండిన ఇండ్లు కొన్ని. సంగటియు గొడ్డుకారమును తప్ప మరేమియు నెరుగని ఇండ్లు అనేకము. ముతకధాన్యము నొక్కదానినే తిన్నను ముప్పు కలదు. దక్కను పీఠభూమిలో జొన్న యొక్కటే ఆధారమైన కూలిజనమునకు ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొట్టులేచు పెల్లాగ్రా వ్యాధి వచ్చుచుండెడిది. హైదరాబాదు పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దీనిని పరిశీలించి, జొన్నలో లూసిన్ అను ఆమ్లము మితిమీరి యుండుట దీనికి కారణమని ప్రతిపాదించిరి. వరియైనను జొన్నయైనను ఒంటరి ధాన్యము ఒంటికి చాలదు.

ఈ సత్యమును ఈ నేల భయంకరముగా నేర్చుకొన్న కాలము 1876–78 నాటి కరవు. అప్పుడు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. అనంతపురము జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. మద్రాసు రాజధానిలో కరవునకు మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి యొకటి. 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ కరవుపనులలో రాళ్లు కొట్టు, మన్ను మోయు మగవానికి దినకూలిగా ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, దానిపై ఒక అణాను నిర్ణయించెను. ప్రాణము నిలుపుటకు అది చాలునని ఆయన వాదము. మద్రాసు ఆరోగ్య కమిషనరు వైద్యుడు కార్నిష్ దాని నెదిరించెను. ఎండలో కష్టము చేయువానికి పౌనున్నర ధాన్యము కావలెననియు, ధాన్యమొక్కటే పెట్టిన శరీరము క్రుంగిపోవుననియు, పప్పును కూరగాయలును తప్పక చేర్చవలెననియు ఆయన పట్టుపట్టెను. కొద్ది నెలలలోనే మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచి పప్పును చేర్చినది. కార్నిష్ అడిగినంత మాత్రము ఇయ్యలేదు. సమతులాహారమను మాట అప్పటికి వాడుకలో లేదు. ఆ మాట చుట్టును జరుగవలసిన వాదమంతయు ఒక వైద్యునికి ఒక ఖజానా అధికారికి నడుమ, లక్షలమంది ఆకలి సాక్షిగా, అప్పుడే జరిగిపోయినది.

స్వాతంత్ర్యము తరువాత ఈ పళ్లెరమును మార్చినవి రెండు. మొదటిది వేరుశనగ. రాగి, కొర్ర, సామ, అనుము కలిసి పండిన మెట్టచేలు క్రమముగా ఒకే పంటకు లోబడినవి. అనంతపురము దేశములోని పెద్ద వేరుశనగ జిల్లాలలో నొకటియైనది. పంట అమ్ముడుపోవును, చేతికి రొక్కము వచ్చును. వాన తప్పిన యేట అప్పు మిగులును. నూటికి 25 పాళ్లు మాంసకృత్తులు గల గింజను బండ్లకెత్తి నూనెమిల్లులకు పంపి, ఆ డబ్బుతో అంగడిలో బియ్యము కొనితెచ్చుకొనుట ఎంత విచిత్రమైన వ్యాపారము! రెండవది చౌక బియ్యము. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము పథకమును ప్రారంభించినది. 1985 నుండి ఆయన హిందూపురము నియోజకవర్గమునకే శాసనసభ్యుడుగా నుండుట తెలిసిన విషయమే. ఆ పథకము ఎందరి కడుపులు నింపినదో ఈ సీమ మరువదు. దానిని తప్పుపట్టువారు పస్తులెరుగనివారై యుండవలెను. కాని పండుగనాటి అన్నము దినదిన భోజనమైన పిమ్మట సంగటి పేదరికపు గుర్తుగా చులకనయైనది. రాగి పోయినచోటికి బియ్యము వచ్చినది గాని, రాగితోపాటు వచ్చుచుండిన ఉలవచారు, ఆకు, అనుము బియ్యముతో రాలేదు. తెల్లని అన్నము, పలుచని చారు. కడుపు నిండును, గుంటలు నిండవు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులని తేలినది. అయిదేండ్లలోపు పిల్లలలో ఆ సంఖ్య 63.2. రక్తహీనతకు తిండి యొక్కటే కారణము కాదు. అయినను ఇనుము గల ఆకుకూరలు, దానిని ఒంటికి పట్టించు నిమ్మ, ఉసిరి, జామ పళ్లెరమునుండి జారిపోవుట ప్రధాన కారణములలో నొకటి. ఆకుకూరలలోని ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చు మాత్రలో ఆ తెలుగువాని శ్రమ కలదు. అదే పదార్థము పెరటిలోని తోటకూరలో ఉచితముగా దొరకును.

ధర్మవరము సంగతి కొంత భిన్నము. చిత్రావతి యొడ్డున నున్న ఈ పట్టణము పట్టుచీరలకు పేరుపొందినది. గుంటమగ్గములో కాళ్లు దించి కూర్చున్న నేతగాడు ఉదయము మొదలు పొద్దు వాలువరకు లేవడు. చేయియు, కన్నును, కాలును పనిచేయును గాని దేహమంతయు కదలదు. పోషకాహార నిపుణుల లెక్కలో కూర్చుండి పనిచేయు పురుషునికి దినమునకు సుమారు 2110 కాలరీలు చాలును. బరువుపని చేయువానికి 3470 వరకు కావలెను. అనగా పొలము దున్నువాని ముద్ద నేతగానికి పనికిరాదు. ఆ మేరకు ముద్ద చిన్నదై, పప్పును కూరయును పెద్దవి కావలెను. జరుగునది దీనికి విరుద్ధము. పట్టు ధర పెరిగి చీర కదలక మగ్గము నిలిచిపోయిన నెలలో మొదట తగ్గునవి పాలు, గ్రుడ్డు, కాయగూరలు. అన్నము మాత్రము తగ్గదు. పెనుకొండ చెంత యర్రమంచిలో 2019లో కార్ల కర్మాగారము పని ప్రారంభించిన పిమ్మట ఆ చుట్టుపట్ల భోజనశాలలు, పొట్లపు తినుబండారములు పెరిగినవి. ఆ విషయము ప్రత్యేకముగ వ్రాయదగినది.

హిందూపురము బెల్లమునకు, చింతపండునకు పేరుమోసిన విపణి. ఈ సీమవారి చింతపండు మక్కువను కోస్తావారు పరిహసింతురు. ఆ పరిహాసమునకు రసాయనశాల ఒక సమాధానము చెప్పినది. అనంతపురపు లోతుబావుల నీటిలో అనేకచోట్ల ఫ్లోరైడు అధికము. అది యెముకలను, దంతములను చెరచును. పోషకాహార సంస్థవారు బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు నిచ్చి పరీక్షింపగా, మూత్రము ద్వారా ఫ్లోరైడు విసర్జన హెచ్చినట్లు కనుగొని 2002లో ప్రచురించిరి. చింతపండు మంచినీటికి బదులు కాజాలదు. అయినను సున్నము సమృద్ధిగా గల రాగిముద్దకు చింతపండు పులుసు తోడగుట ఇట్టి నీరు గల నేలలో మేలైన జతయే.

పళ్లెరమును మరల నింపు ప్రయత్నములు లేకపోలేదు. ధర్మవరము పెనుకొండల నడుమ చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో ఏర్పడిన టింబక్టు కలెక్టివ్ బీడుపడిన గుట్టలపై చెట్లు పెంచుటతో పని మొదలిడి, క్రమముగా కొర్ర, సామ, రాగి పంటలను మరల చేలలోనికి తెచ్చినది. 2008లో రైతులు ధరణి యను సహకార సంఘముగా నేర్పడి, పండిన గింజను తామే శుద్ధిచేసి అమ్ముకొనుచున్నారు. కొర్ర సామలు వెనుకబడుటకు గల అసలు కారణము రుచి కాదు, దంపుడు. ఒడ్లవలె వీనిని మరకు వేసిన చాలదు. గట్టి పొట్టు వీడదీయుటకు ఆడువారి రెక్కలు విరుగును. దగ్గరలో మర లేనిచో ఎన్ని సభలు జరిపినను ఈ గింజ పొయ్యి ఎక్కదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరమని ప్రకటించినది. ఆ సంవత్సరము మార్చిలోనే రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమున వారమునకు 3 దినములు రాగిజావ చేర్చినది. అంతకుముందే గ్రుడ్డును, బెల్లముతో చేసిన వేరుశనగ చిక్కీయును చేరియున్నవి. అనంతపురపు గింజ మిల్లుకు పోక పిల్లవాని నోటికి చేరుటకు ఇదియొక త్రోవ.

2024 నాటి కొలతలలో ఈ సీమకు కష్టమైనది 400 గ్రాముల కూరగాయలు. 250 గ్రాముల రాగియో కొర్రయో, 85 గ్రాముల పప్పో సంపాదించుట సామాన్య గృహస్థునకు అసాధ్యము కాదు. పలుకులు 35 గ్రాములు, అనగా రెండు గుప్పిళ్లు, ఈ జిల్లాలో దొరకకపోవుట యుండదు. కూరగాయలకు నీరు కావలెను, నీటికి బోరు కావలెను, బోరునకు అప్పు కావలెను. పూర్వులు ఈ చిక్కును మూడు విధములుగ దాటిరి. వానకాలమున చేనిగట్టున తానై మొలచు గురుగు, చెంచలి, తుమ్మి ఏరుకొనిరి; ఆ ఆకులు నేడు కలుపుమందులకు చచ్చుచున్నవి. కాయ దిగినపుడు కోసి ఎండబెట్టి వరుగులు చేసికొనిరి. మూడవది ఇప్పటికిని ఎవరికైనను అందునదే. స్నానపు నీరు, పాత్రలు కడిగిన నీరు పోవు చోట నొక మునగకొమ్మ నాటినచో అది ఏడాదిలోపల ఇంటి కప్పు దాటును. దాని ఆకును పప్పులో వేయవచ్చును, ఉలవచారులో వేయవచ్చును, ఎండబెట్టి పొడికొట్టి సంగటిలోనికి నంజుకొనవచ్చును. మేకలు అందుకొనకుండ మొదట మూడు నెలలు ముండ్లకంప కట్టిన చాలును.